నిలపడం, సాగనంపడం: వినోదవనాల పోషణపై ధర్మవిచారం

మనిషి తన చేతులతో కట్టినదానికి ఎంతకాలం బాధ్యుడు, ఏ మేరకు బాధ్యుడు అన్న ప్రశ్నను భారతీయ దర్శనాలు విడిగా ఒక ప్రకరణం చేసి చర్చించకపోయినా, కర్మవిధులను పరిశీలించిన పూర్వమీమాంసలోను, విగ్రహాన్నీ ఆలయాన్నీ గురించి చెప్పిన ఆగమాల్లోను, వస్తువుల క్షణికత్వాన్ని వాదించిన బౌద్ధంలోను దానికి సమాధానం వెదకడానికి కావలసినంత సామగ్రి ఉంది. ఆ ప్రశ్నను పరీక్షించి చూడడానికి కోటకన్నా, ఇంటికన్నా వినోదవనమే, అంటే వాడుకలో అమ్యూజ్‌మెంట్ పార్కే, తగిన స్థలం. అక్కడి కొండ ఇనుప చువ్వల మీద పూసిన సిమెంటు, అక్కడి జలపాతం మోటారు తోడిపోసే నీరు, అక్కడి పచ్చదనం రోజూ తడిపితేనే బతికే గడ్డి. అందువల్ల పోషణ ఆగిన కొద్దికాలానికే అది తన రూపాన్నీ, ప్రయోజనాన్నీ రెంటినీ పోగొట్టుకుంటుంది.

సికింద్రాబాదుకు తూర్పున ఒకదానినొకటి ఆనుకొని ఉన్న లాలాగూడ, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ విచారానికి ఆధారంగా నిలవదగిన ప్రాంతం. ఇక్కడ పేరుపడిన వినోదవనం లేకపోయినా, వినోదస్థలాన్ని గురించి ఆలోచించడానికి కావలసిన రెండు కొసలూ ఇక్కడే దొరుకుతాయి. నిజాం కాలపు రైల్వే 1893లో నెలకొల్పిన లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్, నడిచి నడిచి అరిగిన పెట్టెలను నిర్ణీత గడువుకొకసారి విప్పి, పరీక్షించి, సరిచేసి తిరిగి పట్టాల మీదికి పంపే చోటు. రైల్వే ఉద్యోగులు ఆ పనిని పి.ఓ.హెచ్. (పీరియాడిక్ ఓవర్‌హాల్) అంటారు. ఇక హైదరాబాదు జనానికి ఏటేటా జెయింట్ వీల్ ఎక్కే వేడుకను అందించే నుమాయిష్, ఉస్మానియా పట్టభద్రుల సంకల్పంతో 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తరువాత నాంపల్లి మైదానానికి మారింది. మొదటిది ఉన్నదాన్ని నిలబెట్టే సంప్రదాయం, రెండవది ఏటా కట్టి ఏటా విప్పే సంప్రదాయం. కట్టినవాడికి ధర్మసమ్మతమైన దారులు ఈ రెండే అన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం: నిలిపినంతకాలం నిత్యం పోషించాలి, నిలపలేనప్పుడు విధిగా సాగనంపాలి. కట్టి వదిలేయడమనే మూడో దారి పైన చెప్పిన ఏ శాస్త్రం వైపునుంచి చూసినా దోషమే.

అనుకరణ అసత్యమా?

పోషణ సంగతికి రాకముందే ఒక పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వైపునుంచి రాగల ఆక్షేపాన్ని, పరిష్కరించుకోవాలి. వినోదవనాల్లో థీమింగ్ అని పిలిచే కళ ఒక స్థలానికి ఒక కథను గాని, ఒక కాలాన్ని గాని, ఒక దేశాన్ని గాని ఆరోపించి, రాయి కానిదాన్ని రాయిగా, అడవి కానిదాన్ని అడవిగా చూపిస్తుంది కనుక అది మోసమేననీ, మోసాన్ని చెక్కుచెదరకుండా కాపాడడం ధర్మమెలా అవుతుందనీ ఎవరైనా అడగవచ్చు.

ఈ కళ మన సంప్రదాయానికి కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం నాలుగు అభినయాల్లో ఒకటైన ఆహార్యాన్ని, అంటే వేషం, అలంకారం, రంగసామగ్రి ద్వారా సాగే అభినయాన్ని, వివరిస్తూ, కొండలు, రథాలు, ఆయుధాలు వంటివాటి నమూనాలను తయారుచేసే పనికి పుస్తమని పేరు పెట్టి, చాపలూ బట్టలూ తోళ్లూ కూర్చి చేసినవి, యంత్రంతో కదిలేవి, చుట్టబెట్టి చేసినవి అని దాన్ని మూడు విధాలుగా విభజించింది. అలాంటి రంగస్థలాన్ని చూసినప్పుడు ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం ఎలాంటిదన్న విషయాన్ని విచారించిన నాట్యశాస్త్ర వ్యాఖ్యాత శ్రీశంకుకుడు, అది యథార్థజ్ఞానమూ కాదు, భ్రమా కాదు, సందేహమూ కాదు, ఉత్త పోలికా కాదు, చిత్రంలోని గుర్రాన్ని గుర్రమని గ్రహించడం వంటి విలక్షణమైన ప్రతీతి అని తేల్చాడు. నైయాయికులు, అంటే తర్కశాస్త్రజ్ఞులు, దీనికి దగ్గరగా ఆహార్యజ్ఞానమనే భావనను చెప్పారు. ఒక వస్తువు అక్కడ లేదని నిశ్చయంగా తెలిసి ఉండగానే ఇష్టపూర్వకంగా ఉన్నట్టు భావించుకోవడమే ఆహార్యజ్ఞానం. 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీలో విమానాశ్రయంగానో రాజప్రాసాదంగానో కనిపించే సెట్టు ముందు నిలబడిన సందర్శకుడు దాని వెనక ఏమీ లేదని తెలిసే ముచ్చటపడతాడు. అతడు మోసపోలేదు, తన ఇష్టంతోనే ఆటలో చేరాడు. మోసమంటే తెలియనివాణ్ణి నమ్మించడం కనుక, తెలిసినవాడు పాల్గొనే అనుకరణకు ఆ పేరు చెల్లదు.

అయితే ఈ సమర్థనకు ఒక హద్దు ఉంది, పోషణ ప్రశ్న ఆ హద్దు దగ్గరే పుడుతుంది. అద్వైతులు సత్తను, అంటే ఉనికిని, మూడు స్థాయిలుగా చెబుతారు: తాడులో కనిపించి వెలుతురు రాగానే పోయే పాము ప్రాతిభాసికం, లోకవ్యవహారమంతటికీ ఆధారంగా నిలిచే తాడు వ్యావహారికం, ఎన్నటికీ బాధితం కాని బ్రహ్మం పారమార్థికం. వినోదవనంలో సిమెంటు గుహ రాయిలా కనిపించడం ప్రాతిభాసికంతో పోల్చదగినది; దాన్ని మోసే ఉక్కు, రైడ్‌లో కూర్చున్న పిల్లవాడి ఒడిమీదికి దిగే అడ్డకడ్డీ, కొలనులో కలిపే క్లోరిన్ వ్యావహారికాలు. మొదటి స్థాయిలో అనుకరణకు స్వేచ్ఛ ఉంది, రెండవ స్థాయిలో అణుమాత్రమూ లేదు.

ఈ భేదాన్ని ఒక చిన్న వస్తువులో స్పష్టంగా చూడవచ్చు. పెద్ద రైడ్‌ల ఉక్కు చట్రాల్లో ముఖ్యమైన బోల్టును నిర్ణీతమైన బలంతో బిగించిన తరువాత, నట్టు మీదినుంచి పక్కనున్న ఉక్కు పలక మీదికి ఒకే గీతగా రంగు గీస్తారు. మరునాటి ఉదయం పరీక్షకుడు వచ్చినప్పుడు ఆ గీత తెగకుండా సూటిగా ఉంటే నట్టు కదలలేదని అర్థం. నట్టు మీది ముక్క ఒకవైపూ పలక మీది ముక్క ఇంకొకవైపూ ఉంటే అది వదులైందని అర్థం. నాలుగడుగుల దూరంలో సిమెంటు బండ మీద అదే కుంచె, దాదాపు అదే రంగు, లేని నాచునూ లేని పగుళ్లనూ చిత్రించి ఉంటుంది. బండ మీది రంగు చూసేవారి ఇష్టంతో సాగే ఆటలో భాగం, బోల్టు మీది రంగు ఉన్నదున్నట్టు చెప్పవలసిన సాక్షి. తెగిన గీతను చూసి నట్టు బిగించకుండా గీత మీద గీత గీసి పోయినవాడు చేసింది మాత్రం నిస్సందేహంగా అసత్యం, ఎందుచేతనంటే ఆ ఆటలో చేరడానికి ఒప్పుకోని ప్రాణాన్ని అతడు అందులోకి లాగాడు.

నిత్యకర్మగా పోషణ

పూర్వమీమాంస కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజిస్తుంది. సంధ్యావందనం వలె ప్రతిదినమూ చేయవలసినది నిత్యం, గ్రహణస్నానం వలె ఒక సందర్భం ఏర్పడినప్పుడు చేయవలసినది నైమిత్తికం, ఒక ఫలాన్ని కోరి చేసేది కామ్యం. వినోదవనంలో జరిగే పనులన్నీ ఈ మూడు వర్గాల్లోకి చక్కగా ఒదుగుతాయి. గేట్లు తెరవకముందు ప్రతి రైడ్‌నూ మనుషులు లేకుండా తిప్పి చూడడం, బ్రేకులనూ అడ్డకడ్డీలనూ ఒక్కొక్కటిగా లాగి పరీక్షించడం, నీటిలో క్లోరిన్ ఎంతుందో, ఆమ్లక్షారగుణం ఏ మేరకు ఉందో కొలవడం, రాలిన ఆకులు ఊడ్చడం, మొక్కల పాదులకు నీరు పెట్టడం నిత్యకర్మలు. గాలివాన తరువాత విరిగిన కొమ్మలు తీయించడం, కరెంటు పోయి మధ్యలో ఆగిన బండినుంచి జనాన్ని దించి కారణం తేలేవరకు దాన్ని నడపకపోవడం నైమిత్తికాలు. ఎక్కువమంది రావాలని కొత్త రైడ్ పెట్టడం, పండుగకు కొత్త అలంకారం చేయించడం కామ్యాలు. 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా ప్రారంభమైనప్పుడు గాని, మరే పార్కు గేటు తెరిచినప్పుడు గాని పత్రికలకెక్కేది కామ్యభాగమే. నిత్యభాగానికి రిబ్బను కత్తిరించే వేడుక ఏ రోజూ ఉండదు.

నిత్యకర్మకు ప్రత్యేకమైన ఫలం లేదనీ, చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, కలుగుతుందనీ మీమాంసకులలో ప్రసిద్ధమైన అభిప్రాయం. పోషణ స్వభావాన్ని ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం. వెయ్యి ఉదయాలు నట్లు సరిచూసినందుకు కనిపించే ఫలితం ఏమీ జరగకపోవడమే; ఒక్క ఉదయం చూడనందుకు కలిగే ఫలితం మాత్రం అందరికీ కనిపిస్తుంది. శ్రమకు గుర్తుగా ఒక వస్తువును చూపించలేని పని కనుక లోకం దాన్ని తక్కువగా అంచనా వేస్తుంది, ఖర్చు తగ్గించవలసి వస్తే మొదటి కోత దానిమీదే పడుతుంది.

ఈ సిద్ధాంతం మీద శంకరాచార్యులు తైత్తిరీయోపనిషద్భాష్యంలో లేవదీసిన అభ్యంతరం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. చేయకపోవడం అన్నది అభావం, అంటే లేమి. లేమినుంచి దోషమనే భావపదార్థం ఎలా పుడుతుందని ఆయన ప్రశ్న. పూర్వం పోగుపడిన పాపమే తన ఫలాన్నిస్తుందనీ, కర్మను మానడం దాన్ని సూచించే లక్షణం మాత్రమేననీ ఆయన సమాధానం. ఈ తర్కాన్ని ఉక్కుకు అన్వయిస్తే అక్షరాలా సరిపోతుంది. పరీక్ష మానినందువల్ల బోల్టు విరగదు. తేమ వల్ల, బరువు వల్ల, కోట్లసార్లు కలిగే కంపనం వల్ల అందులో ముందునుంచీ పోగవుతూ వచ్చిన అలసటే దాన్ని విరుస్తుంది. పరీక్ష మానడం ఆ అలసటను పుట్టించలేదు, పెరుగుతూ ఉంటే దారి వదిలింది. నిర్లక్ష్యం చేసినవాడు నేనేమీ చేయలేదు కదా అని చెప్పుకొనే సాకుకు ఇందులో చోటు లేదు, ఎందుకంటే ఏమీ చేయకుండా ఉన్నంతమాత్రాన ప్రకృతి పని ఆగదు, దానికి ఎదురు నిలవడానికే అతణ్ణి అక్కడ నియమించారు.

తోట విషయంలో ఈ సత్యం మరింత త్వరగా బయటపడుతుంది. దక్కను పీఠభూమి మీద, రాతినేల పైనున్న పలుచని మట్టిలో, ఏప్రిల్ మే నెలల ఎండలో పచ్చిక నిలవాలంటే నీటి గొట్టం ప్రతిదినమూ పనిచేయాలి, వర్షాకాలంలో అదే పచ్చికను కోస్తూ, కలుపు తీస్తూ, నీరు నిలవకుండా చూడాలి. దీని పక్కనే ఉస్మానియా ప్రాంగణంలో అక్కడక్కడా కనిపించే సహజమైన గ్రానైటు బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల వయస్సుగల శిలాజాతికి చెందినవి. వాటికి ఏ మాలీ అవసరం లేదు. మనిషి చేయనిదానికి పోషణ అక్కరలేదు, దాని జోలికి పోకుండా ఉండే సంయమనం చాలు. అసలైన బండను పేల్చి ఆ చోట సిమెంటు బండను నిలిపేవాడు ఋణం లేనిచోట ఋణాన్ని కొని తెచ్చుకుంటున్నాడు. నేలలో ముందే ఉన్న రాయినీ, వేపనూ, తంగేడునూ కలుపుకొని వేసిన తోట అందానికి అందమూ, భారానికి తక్కువ భారమూ.

ఆగమం చెప్పిన మరమ్మతు

తెలుగు సంప్రదాయం తోటను సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించింది. కుమారుడు, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం, చెరువు, కావ్యం అన్న ఏడింటినీ మనిషి వెనక నిలిచే సంతానంగా భావించింది. వీటిని సంతానమని పిలిచిన సమాజం, కన్నంతమాత్రాన బాధ్యత తీరదనీ పెంచాలనీ కూడా ఒప్పుకుంది. దక్కనులోని దానశాసనాలు అందుకు సాక్ష్యం. అఖండదీపానికి, నైవేద్యానికి, పూలతోటకు భూములిచ్చిన దాతలు అదే శాసనంలో ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణకు కూడా, అంటే విరిగినదాన్నీ పగిలినదాన్నీ శిథిలమైనదాన్నీ బాగుచేయడానికి కూడా, ఆదాయం ఏర్పాటు చేయడం పలుచోట్ల కనిపిస్తుంది. గుడి కొత్తగా మెరుస్తున్న నాడే అది పగులుతుందని ఒప్పుకొని, ఆ పగులుకు కావలసిన డబ్బును ముందే రాయి మీద చెక్కించడం ఎంతో పరిణతి చెందిన ధర్మబుద్ధి. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువుకు కావలసిన అంగాలతో పాటు దానికి రాగల దోషాలను కూడా ఎంచి చెప్పడం ఈ బుద్ధికే మరో నిదర్శనం.

తిరుమలలో పోషణ నేరుగా ఆరాధనగా మారింది. ఉగాది, ఆణివార ఆస్థానం, బ్రహ్మోత్సవం, వైకుంఠ ఏకాదశి పర్వాలకు ముందు, ఏడాదికి నాలుగుసార్లు జరిగే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనంలో ఆనందనిలయం మొదలుకొని గోడలూ పైకప్పులూ పూజాపాత్రలూ కడిగి, పచ్చకర్పూరం, గంధం, కుంకుమ, కిచ్చిలిగడ్డ మొదలైన ద్రవ్యాలు కలిపిన పరిమళజలాన్ని పూస్తారు. ఆలయాన్నే ఆళ్వారుగా, అంటే భక్తుడిగా, భావించి చేసే స్నానం అది. పన్నెండేళ్లకొకసారి జరిగే మహాసంప్రోక్షణంలో, 2018 ఆగస్టులో జరిగినట్టు, మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచి, గర్భాలయంలో మరమ్మతులు చేసి, తిరిగి ప్రతిష్ఠిస్తారు. దైవసన్నిధి ఉన్నచోటే ఇంత మరమ్మతు అవసరమైతే మనిషి కట్టిన ఏ స్థలానికి అది అక్కరలేకుండా ఉంటుంది?

అక్కడి తోటలది ఇంకా విశేషమైన చరిత్ర. రామానుజాచార్యులు కోరగా శ్రీరంగాన్ని విడిచి తిరుమలకు వచ్చి పూలతోట వేసిన అనంతాళ్వాన్, గర్భిణియైన భార్యతో కలిసి చెరువు తవ్వుతూ, సాయం చేయబోయిన బాలుడి మీదికి గునపం విసిరాడనీ, ఆ గాయం స్వామి గడ్డం మీద కనిపించిందనీ, అందుకే మూలమూర్తి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారనీ సంప్రదాయం చెబుతుంది. ఆ గునపాన్ని మహాద్వారం దగ్గర వేలాడదీసి ఉంచారు. తోట పని చేసిన పనిముట్టుకు ఆలయ ప్రవేశద్వారంలోనే చోటిచ్చిన ఈ ఏర్పాటు, పోషకుడి శ్రమకు సమాజం ఇవ్వగలిగిన గౌరవానికి అత్యున్నతమైన ఉదాహరణ.

దేవతారూపాలు వినోదస్థలంలోకి వచ్చినప్పుడు ప్రశ్న మరింత సూక్ష్మమవుతుంది. తార్నాకనుంచి ఉప్పల్ మీదుగా వరంగల్ రహదారిలో వెళితే యాదగిరిగుట్టకు చేరువలో, కుమారుడి స్మృతికి చిహ్నంగా ఒక తండ్రి కట్టించిన సురేంద్రపురి వస్తుంది. అక్కడి కుందా సత్యనారాయణ కళాధామంలో పురాణఘట్టాలూ పుణ్యక్షేత్రాల నమూనాలూ నడిచి చూడదగిన దృశ్యాలుగా రూపుదిద్దుకున్నాయి. ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తికి ఆగమవిధి ఉంది. ప్రదర్శనగా నిలిపిన ప్రతిమకు లేదు. అప్పుడు దానికి చేయవలసినదేమిటి? దాన్ని చూసి చేతులు జోడించే ముసలమ్మ భావనలో అది బొమ్మ కాదు కనుక, శాస్త్రం విధించకపోయినా ఆమె శ్రద్ధ విధిస్తుందని చెప్పడమే సమంజసం. ప్రతిమను నిలిపినవాడు ఆ నమస్కారాన్ని కోరి పిలిచాడు. పిలిచినందుకు అతడు దాన్ని మర్యాదగా ఉంచవలసి ఉంటుంది.

ఆ మర్యాద ఎలా ఉంటుందో చూడడానికి ఏ సిమెంటు ప్రతిమనైనా దగ్గరనుంచి పరిశీలించవచ్చు. చెయ్యి చాచిన చోట, మోచేతి కింద, వెంట్రుకవాసి పగులు మొదట వస్తుంది. వాన చెమ్మ దానిగుండా లోపలి ఇనుప చువ్వను చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ఆ ఉబ్బు సిమెంటును లోపలినుంచి నెడుతుంది. పగులు వెడల్పై, ఎర్రటి చార కిందికి కారి, చివరికి పెచ్చు ఊడి పడుతుంది. దీనికి రెండు చికిత్సలున్నాయి. ఒకటి, పగులు మీద లప్పం పెట్టి రంగు వేయడం. అది తరువాతి వాన దాకా పనిచేస్తుంది. రెండవది, బాగున్నట్టు కనిపించే భాగాన్ని కూడా ఉలితో తెరిచి, చువ్వను మెరిసేదాకా గీకి, తుప్పు రాని పూత పూసి, కొత్త సిమెంటుతో కప్పి, ఆరిన తరువాతే రంగు వేయడం. రెండవ పనిలో ప్రతిమ కొన్నాళ్లు వికారంగా కనిపిస్తుంది, చూడవచ్చినవారు నిరాశపడతారు. అయినా అదే ధర్మం.

క్షణికత్వమూ సంతానమూ

నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో ఏర్పడి 2022 మే 14న ప్రారంభమైన బుద్ధవనం, బుద్ధుడి జీవితాన్నీ జాతకకథలనూ స్తూపాల నమూనాలనూ తోటల మధ్య చూపించే ప్రాంగణం. జలాశయంలో మునిగిన నాగార్జునకొండ లోయనుంచి కట్టడాలను రాయి రాయిగా ఎత్తి ద్వీపం మీదా అనుపు దగ్గరా తిరిగి అమర్చిన చరిత్ర దాని పక్కనే ఉంది. ఇలాంటి చోట బౌద్ధుల క్షణికవాదాన్ని స్మరించడం సహజం. నాశనానికి వేరే కారణం అక్కరలేదనీ, పుట్టినది పుట్టిన క్షణంలోనే నశిస్తుందనీ, మనం ఒకే వస్తువు నిలిచి ఉందనుకునేది నిజానికి ఒకదాని వెంట ఒకటి పుట్టే క్షణాల సంతానమనీ, అంటే ఎడతెగని వరుస అనీ, వసుబంధువు వంటి ఆచార్యులు వాదించారు. ఇది నిరాశావాదంగా వినిపించినా పోషకుడికి గొప్ప ఆధారం. చెడిపోవడానికి ఎవరి తప్పూ అక్కరలేదు, నిలవడానికే ఎవరో ఒకరు పూనుకోవాలి. అందువల్ల తోటను నిలబెట్టడమంటే నిన్నటి తోటను కాపాడడం కాదు, నేటి తోటను మళ్లీ పుట్టించడం.

మిళిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు మిళింద రాజుతో జరిపిన చర్చ ఈ విషయాన్నే రథం ద్వారా చూపిస్తుంది: ఇరుసూ చక్రాలూ నొగలూ వేటికవి రథం కావు, వాటి కూర్పుకు వ్యవహారంలో పెట్టిన పేరే రథం. లాలాగూడ వర్క్‌షాప్‌లో చక్రాలు మారి, స్ప్రింగులు మారి, సీట్లు మారి బయటికి వచ్చే పెట్టెకు నంబరు మాత్రం పాతదే ఉంటుంది. దాని ఏకత్వం లోహంలో లేదు, దాని మీద జరిగిన పనిని వరుసగా నమోదుచేసిన రికార్డులోను, దాన్ని నమ్మి ఎక్కే ప్రయాణికుల విశ్వాసంలోను ఉంది. జపానులోని ఇసే ఆలయాన్ని ఇరవయ్యేళ్లకొకసారి పక్క స్థలంలో కొత్త కలపతో పూర్తిగా తిరిగి కడతారు. చివరిసారి 2013లో కట్టారు. అక్కడ పాతబడనివ్వకుండా చూసేది కలపను కాదు, కట్టే విద్యను. తరానికొకసారి కట్టడం వల్ల ఆ నేర్పు తండ్రినుంచి కొడుక్కి, గురువునుంచి శిష్యుడికి అందుతుంది. మన పార్కుల్లో సిమెంటు పని, ఉక్కు పని, తోట పని తెలిసిన మనుషులను తరచుగా మార్చేసే పద్ధతి ఈ సంతానాన్నే తెంచుతుంది. యంత్రం చేసే చప్పుడులో తేడాను గుర్తుపట్టే చెవి ఒక్క ఏడాదిలో తయారు కాదు.

సాగనంపే విధి

అన్నింటినీ నిలబెట్టడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. తెలంగాణ ఆడపడుచులు తంగేడు, గునుగు, బంతి పూలను వరుసలుగా పేర్చి, గౌరమ్మను నిలిపి, చుట్టూ తిరిగి ఆడిన బతుకమ్మను ఆ సాయంత్రమే చెరువులో సాగనంపుతారు. మట్టి వినాయకుణ్ణి నవరాత్రులు పూజించి, ఉద్వాసన చెప్పి నిమజ్జనం చేస్తారు. ఇక్కడ పోషణ అన్న ప్రశ్నే లేదు, ఎందుకంటే ముగింపు కూడా కల్పనలో భాగంగానే వచ్చింది. నుమాయిష్ కూడా ఇదే న్యాయాన్ని పాటిస్తుంది. ఆనవాయితీగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగి, ఆ తరువాత రంగులరాట్నాలూ దుకాణాలూ విప్పి మైదానాన్ని మైదానంగా వదిలిపెడుతుంది. విప్పి బిగించే ప్రతిసారీ ప్రతి కీలూ ఒక మనిషి చేతిలోకి వస్తుంది కనుక, ఆ చేతికి తగిన శిక్షణా తీరికా ఉన్నప్పుడు అది పోషణకు కూడా ఒక అవకాశమే.

శాశ్వతమైన మూర్తికి కూడా ఆగమం ముగింపును చెప్పింది. వేలికొస వంటి ఉపాంగం విరిగితే బాగుచేయవచ్చు, ముఖ్యమైన అంగం విరిగితే ఆ మూర్తిలోని శక్తికి ఉద్వాసన చెప్పి, రాతిదైతే లోతైన నీటిలో విడిచి, కొయ్యదైతే అగ్నికి అర్పించి, కొత్తదాన్ని ప్రతిష్ఠించాలి. రైల్వేలో ఆయుర్దాయం తీరిన పెట్టెను కండెమ్ చేసి పట్టాలనుంచి తప్పించడం ఆ విధికి లౌకికరూపం. కాలం తీరిన రైడ్‌ను, పాడైపోయి ఇక సరిచేయలేని విగ్రహాన్ని, నీరందించలేని పచ్చికను ఒప్పుకోలుతో తొలగించడం ఓటమి కాదు. తుప్పుపట్టిన ఊయల ఉన్న చోటే వేలాడుతూ, తల విరిగిన జింకబొమ్మ పొదలో పడి ఉంటూ, ఎండిన ఫౌంటెన్ తొట్టిలో దోమలు పెరుగుతూ ఉండే పార్కులో మాత్రం పోషణా లేదు, ఉద్వాసనా లేదు. ప్రత్యవాయమన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన అర్థం అక్కరలేదు.

యజమానీ ఋత్విక్కూ

నిత్యకర్మ ఫలాపేక్ష లేనిదన్న సిద్ధాంతాన్ని ఊడ్చేవారికీ, నీరుపోసేవారికీ, నట్లు బిగించేవారికీ బోధించి జీతం తగ్గించే దురన్వయం జరిగే ప్రమాదం ఉంది కనుక, మీమాంస చెప్పిన మరొక భేదాన్ని ఇక్కడ తప్పక ఎత్తిచూపాలి. యజ్ఞానికి సంకల్పం చేసినవాడు యజమాని. క్రియను నడిపే ఋత్విక్కులు దక్షిణతో నియమితులైనవారు. కర్మఫలం యజమానిది, లోపం వల్ల కలిగే హానీ అతడిదే. ఋత్విక్కుకు రావలసిన దక్షిణ ఎగవేస్తే యజ్ఞమే పూర్తి కాదు. వినోదవనంలో నిష్కామత్వం వర్తించేది యజమానికి: కనిపించే లాభం ఇవ్వని పోషణకు లాభం చూడకుండా ఖర్చుపెట్టవలసినవాడు అతడే. తెల్లవారకముందు రైడ్ చట్రం ఎక్కి బోల్టు గీతలు చూసే మెకానిక్‌కు, ఎండలో పచ్చిక కోసే మాలీకి, మరుగుదొడ్లు కడిగే స్త్రీకి చెల్లవలసింది ఉపదేశం కాదు, సకాలంలో పూర్తి వేతనం, రక్షణ సామగ్రి, యంత్రం నడపడానికి వీల్లేదని చెప్పినప్పుడు ఆ మాట నెగ్గే అధికారం. చివరిది అన్నింటికన్నా ముఖ్యం. సాక్షి మాటకు విలువ లేనప్పుడు బోల్టు మీది గీతకూ విలువ ఉండదు.

సందర్శకుడు కూడా ఈ యజ్ఞానికి బయటివాడు కాదు. టికెట్టు కొన్నంతమాత్రాన పూలు తెంపే హక్కు గాని, చిప్స్ ప్యాకెట్టు పొదలో పారేసే హక్కు గాని రాదు. ఆహార్యజ్ఞానంతో ఆటలో చేరినవాడు ఆట సాగే స్థలాన్ని కాపాడే పనిలో కూడా చేరినట్టే.

పైన చర్చించిన వాదాలు ఒకదానితో ఒకటి ఎన్నో విషయాల్లో విభేదిస్తాయి: మీమాంసకుడికి కర్మ పరమం, అద్వైతికి అది చిత్తశుద్ధికి సాధనం, బౌద్ధుడికి వస్తువే క్షణికం, ఆగమజ్ఞుడికి విగ్రహం సాక్షాత్తూ సన్నిధి. అయినా కట్టి వదిలేసినవాణ్ణి వీరిలో ఎవరూ సమర్థించరు. అందువల్ల ఒక పార్కుకు గాని, విగ్రహానికి గాని, ప్రాంగణంలో తోటకు గాని శంకుస్థాపన చేసే ప్రతి ప్రభుత్వమూ, విశ్వవిద్యాలయమూ, సంస్థా శిలాఫలకం మీద కట్టించినవారి పేర్లతో పాటు మూడు విషయాలు కూడా ప్రకటించాలి: దీన్ని ప్రతిదినమూ ఎవరు చూస్తారు, అందుకు ఏటా డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, నిలపలేని రోజు వస్తే దీన్ని ఎలా సాగనంపుతారు. ఖండస్ఫుటితానికి ముందే భూమి రాసిచ్చిన మన పూర్వదాతలు ఈ ప్రశ్నల్లో మొదటి రెండింటికి జవాబు చెప్పారు, మూడవదానికి ఆగమకారులు చెప్పారు. ఆ జవాబులు లేని శంకుస్థాపన ధర్మకార్యం కాదు.